ఆఖరి గంట కొట్టిన తరువాత

మీ వీధిలో కూడా ఇటువంటి కుర్రవాడు ఒకడు ఉండే ఉంటాడు. పద్ధెనిమిదో, పందొమ్మిదో ఏళ్ళుంటాయి. "ఒరేయ్, గోదావరి ఎక్స్‌ప్రెస్ సామర్లకోటకు ఎన్నింటికి వస్తుందిరా?" అని అడగండి. కళ్ళెత్తి మీ వంక చూడకుండానే నిమిషాలతో సహా చెప్పేస్తాడు. ఏ బండి ఏ దారిన పోతుందో, ఎక్కడ ఎంతసేపు ఆగుతుందో, అన్నీ వాడి నాలుక చివరనే ఉంటాయి. కాని ఇంటికి చుట్టాలు వచ్చి "బాగున్నావా బాబూ?" అంటే మాత్రం గిరుక్కున తిరిగి లోపలికి వెళ్ళిపోతాడు. వంటింట్లో కుక్కరు ఈల వేస్తే రెండు చెవులూ మూసుకొంటాడు. రోజూ తినే కంచం మారిస్తే ఆ పూట పస్తే.

"అదో వింత పిల్లాడు లెండి" అని చుట్టాలు నవ్వేస్తారు. తల్లి కూడా వాళ్ళతో పాటు నవ్వుతుంది. ఖాళీ కాఫీ గ్లాసులు పళ్ళెంలో సర్దుకొంటూ, ఎవరితోనో కానట్టు ఒక మాట అంటుంది: "బడి ఉన్నన్నాళ్ళూ పొద్దు గడిచిపోయిందండీ. ఇప్పుడు పగలంతా ఇంట్లోనే. మేం పోయిన తరువాత వీడి సంగతేమిటో!"

ఈ మాట విన్న తరువాత ఎవరూ నవ్వరు. ఎవరి దగ్గరా సమాధానమూ ఉండదు. కాని సమాధానం వెదికినవాళ్ళు లోకంలో కొందరున్నారు. వారేం చేశారో, మనం ఏం చేయవచ్చునో నాలుగు మాటలు మనవి చేయడానికే ఈ వ్యాసం.

ఒకే అచ్చు కాదు

ఇటువంటి పిల్లలు అందరూ ఒక్క తీరున ఉండరు. ఆటిజం ఉన్న పిల్లలకు పదిమందితో కలివిడిగా ఉండటం, ఎదుటివారి మనసులో మాట ముఖం చూసి పసికట్టడం కష్టం. కొందరికి చప్పుళ్ళూ వెలుతురూ కూడా భరించరానివిగా ఉంటాయి. డిస్లెక్సియా ఉన్నవారికి తెలివికేమీ లోటుండదు గాని, అక్షరాలు మాత్రం మొండికేస్తాయి. 2007లో వచ్చిన ఆమిర్ ఖాన్ హిందీ సినిమా చూసి కన్నీళ్ళు పెట్టుకొన్నవారికి ఈ సంగతి గుర్తుండే ఉంటుంది. ఎ.డి.హెచ్.డి. ఉన్నవారి మనసు ఒక చోట నిలవదు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టినవారికి నేర్చుకోవడం నెమ్మదిగా సాగుతుంది. అయితే నేర్చుకొన్నదాన్ని నమ్మకంగా చేసుకుపోయేవారు వారిలో ఎందరో.

మనుష్యుల మెదళ్ళు అన్నీ ఒకే అచ్చులో పోసినవి కావనీ, ఈ తేడా కూడా సృష్టిలోని వైవిధ్యమేననీ చెప్పే భావానికి 'న్యూరోడైవర్సిటీ' అని పేరు. 1998లో జూడీ సింగర్ అనే ఆస్ట్రేలియా సమాజశాస్త్రవేత్త రాసిన సిద్ధాంత వ్యాసంలో ఈ భావం కనిపిస్తుంది. మన భాషలో నాడీ వైవిధ్యం అనుకోవచ్చు. ఇందులోకి ఎవరెవరు వస్తారన్న దానిమీద పండితుల వాదోపవాదాలు సాగుతూనే ఉన్నాయి. అవి అలా ఉండనిద్దాం. తల్లి అడిగిన ప్రశ్న మాత్రం అందరి ఇళ్ళలోనూ ఒక్కటే.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం. ఈ పిల్లల్లో ప్రతివాడూ ఏదో ఒక అద్భుత ప్రజ్ఞ గలవాడని సినిమాలూ కథలూ ఒక భ్రమ కల్పించాయి. రైళ్ళ వేళలు కంఠతా వచ్చినవాడు ఒకడుంటే, ఏ విద్యా రానివారూ ఉన్నారు. ప్రజ్ఞావంతుడికే పని ఇస్తామంటే మామూలు పిల్లవాడి గతి ఏమిటి? మనలో ఎంతమందిమి అద్భుత ప్రజ్ఞ చూపించి ఉద్యోగాల్లో చేరాం గనుక!

రెండు ఒడ్లు, మధ్య గోదావరి

మన దేశంలో 2016లో దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉంది. నూటికి 40 పాళ్ళకు తగ్గకుండా వైకల్యం ఉన్నదని ధ్రువపత్రం పొందిన ప్రతి పిల్లవాడికీ 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఉచితంగా చదువుకొనే హక్కు ఉన్నదని ఆ చట్టం చెబుతుంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 'భవిత' కేంద్రాలున్నాయి. ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయులున్నారు. కావలసినంత అని అనలేం గాని, ఏదో ఒక ఆసరా ఉన్నది.

పద్ధెనిమిది నిండగానే ఆఖరి గంట కొడతారు. ఆ మర్నాటి నుంచీ ఉపాధ్యాయురాలు లేదు, బడి బస్సు లేదు, తోటిపిల్లలు లేరు. పన్నెండేళ్ళు కష్టపడి నేర్పిన అలవాట్లు ఇంట్లో టీవీ ముందు కూర్చుని ఒక్కొక్కటే మరచిపోవడం మొదలవుతుంది. తండ్రి ఏ కంపెనీకో వెళ్ళి అడిగితే, "అనుభవం ఉన్నదా?" అంటారు. పని ఇస్తేనే గదా అనుభవం వచ్చేది! అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా నివ్వదు అన్న సామెత ఇటువంటి సందర్భంలోనే పుట్టి ఉంటుంది.

బడివారిని అడిగితే, "మా పని మేము చేశాం, పై సంగతి మాకు తెలియదు" అంటారు. యజమానిని అడిగితే, "ఇటువంటి పిల్లలతో ఎలా మెలగాలో మాకు ఎవరు చెప్పారు?" అంటాడు. ఇద్దరి మాటా నిజమే. బడి ఒక ఒడ్డు, పని మరో ఒడ్డు. మధ్యలో గోదావరంత వెడల్పు. వంతెన కట్టవలసిన బాధ్యత ఎవరిదో ఎవరికీ తెలియదు కనుక, తల్లిదండ్రులే ఈ ఒడ్డున నిలబడి అవతలి ఒడ్డు వంక చూస్తూ ఉండిపోతారు.

ఆస్పత్రిలో బడి

ఆ వంతెన కట్టి చూపించినది ఒక నర్సు. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటి నగరంలో పిల్లల ఆస్పత్రి ఒకటి ఉన్నది. 1996లో అక్కడ అత్యవసర విభాగాన్ని నడుపుతున్న ఎరిన్ రీల్‌కు రెండు చిక్కులు ఎదురయ్యాయి. ఒకటి: గదుల్లోని బీరువాల్లో దూదీ, సిరంజులూ, తొడుగులూ ఎప్పటికప్పుడు నింపే చిన్న ఉద్యోగాల్లో మనుష్యులు నిలవడం లేదు. చేరినవారు విసుగుపుట్టి వెళ్ళిపోతున్నారు. కాని అత్యవసర విభాగంలో ఉండవలసిన వస్తువు ఉండవలసిన చోట లేకపోతే ప్రాణాలమీదికి వస్తుంది. రెండవది: తమ ఆస్పత్రికి వైద్యానికి వచ్చే పిల్లల్లో ఎదుగుదల లోపాలున్నవారు ఎందరో. వారికి మందులిచ్చే ఆస్పత్రి పెద్దయ్యాక వారికి పని ఎందుకు ఇవ్వకూడదు?

ఈ రెండు చిక్కులనూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడగా, ఒకదానికి మరొకటి జవాబని ఆమెకు తోచింది. ఒకే పనిని ఒకే వరుసలో, పొరపాటు లేకుండా, విసుగు లేకుండా చేయగలవారు కావాలి. అటువంటివారు ఊరిలోనే పని లేకుండా కూర్చుని ఉన్నారు. అక్కడి వృత్తివిద్యా సంస్థలో పనిచేస్తున్న సూజీ రట్కౌస్కీ ఆమెతో చేయి కలిపింది. ఆ ఇద్దరూ మొదలుపెట్టిన ఏర్పాటుకు 'ప్రాజెక్ట్ సెర్చ్' అని పేరు. ఈనాడు అమెరికాలోనే కాక ఇంగ్లండు, స్కాట్లండు, ఆస్ట్రేలియా దేశాల్లోనూ కలిపి వందలాది చోట్ల అది నడుస్తున్నది.

పద్ధతి చెబితే, "ఇంతేనా!" అనిపిస్తుంది. విద్యార్థి చదువులో ఆఖరి సంవత్సరం బడిలో జరగదు, ఆస్పత్రిలోనే జరుగుతుంది. ఆస్పత్రి వారు ఒక గది ఇస్తారు. బడివారు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుణ్ణి పంపుతారు. పొద్దున్నే విద్యార్థులు ఆ గదిలో కూడి కాసేపు పాఠం చెప్పించుకొంటారు: వేళకు రావడం, పై అధికారితో మాట్లాడటం, జీతం డబ్బు లెక్క చూసుకోవడం వంటివి. ఆ తరువాత తలా ఒక విభాగానికి వెళ్ళి నిజమైన పని చేస్తారు. ఒకడు సామాను బండి నింపుతాడు, ఒకామె శస్త్రచికిత్స పరికరాలను పళ్ళేల్లో వరుసగా పేరుస్తుంది, మరొకడు కాగితాలు దస్త్రాల్లో సర్దుతాడు. సాయంత్రం మళ్ళీ గదిలో చేరి ఆనాటి మంచిచెడ్డలు చెప్పుకొంటారు. ఏడాదిలో ఇటువంటి విభాగాలు మూడు మారుతారు. దానితో ఏ పిల్లవాడికి ఏ పని పట్టుబడుతుందో వాడికీ తెలుస్తుంది, యజమానికీ తెలుస్తుంది.

పక్కనే 'జాబ్ కోచ్' అనే మనిషి ఉంటాడు. పనిచోట తోడుండి నేర్పే గురువన్న మాట. పని నేర్పడం, తోటి ఉద్యోగులకు ఈ పిల్లవాడి తీరు తెలియజెప్పడం, క్రమక్రమంగా తాను పక్కకు తప్పుకోవడం, ఈ మూడూ అతడి విధులు. బడి, యజమాని, తల్లిదండ్రులు, ఈ గురువు, అందరూ నెలకొకసారి ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. ఆ బల్లే అసలైన వంతెన.

ఫలితం ఏమిటని అడుగుతారు. వర్జీనియా రాష్ట్రంలో 18 నుంచి 21 ఏళ్ళ మధ్య వయసున్న ఆటిజం విద్యార్థులను 40 మందిని తీసుకొని, చీట్లు వేసినట్టుగా రెండు జట్లు చేశారు. 24 మందికి, ఆటిజానికి కావలసిన అదనపు ఆసరాతో సహా, ఈ ఆస్పత్రి చదువు చెప్పారు. తక్కిన 16 మందీ మామూలు ప్రత్యేక విద్యలోనే కొనసాగారు. మొదటి జట్టులో 21 మందికి ఉద్యోగాలు వచ్చాయి. రెండో జట్టులో వచ్చినది ఒక్కరికి. 2014లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. పరీక్షకు తీసుకొన్నది కొద్దిమందినే, నిజమే. కాని ఇరవై ఒకటికీ ఒకటికీ ఉన్న తేడా చూసి తల పంకించనివారు ఉండరు.

పొట్లం కట్టడంలో ఎన్ని పనులు?

వెనకటి పద్ధతి ఏమిటంటే, ముందు పిల్లవాణ్ణి 'తయారు' చేయాలి, అన్నీ వచ్చాక పనికి పంపాలి. ఏళ్ళ తరబడి కొవ్వొత్తులు పోయించేవారు, కాగితపు సంచులు అంటించేవారు. తయారు కావడం మాత్రం ఎన్నటికీ పూర్తయ్యేది కాదు. గట్టుమీద కూర్చుని ఈత నేర్చుకొన్నవాణ్ణి ఎవరైనా చూశారా? ముందు నీళ్ళలో దింపాలి. మునగకుండా నడుం కింద చేయి వేసి పట్టుకోవాలి. ఇప్పటి పద్ధతి ఇదే. ముందు పనిలో పెట్టు, అక్కడే నేర్పు.

ఎలా నేర్పాలో దారి చూపించినవారిలో మార్క్ గోల్డ్ అనే అమెరికన్ ఒకడు. 1970 ప్రాంతాల్లో ఆయన, ఎందుకూ పనికిరారని అందరూ వదిలివేసిన మేధో వైకల్యం గలవారి చేత సైకిలు బ్రేకులోని విడిభాగాలను వరుస తప్పకుండా బిగింపజేసి చూపించాడు. నేర్చుకోలేకపోతే తప్పు శిష్యుడిది అనుకోవద్దు, నేర్పే దారి మార్చి చూడమన్నది ఆయన బోధన సారాంశం.

మన పచారీ కొట్టు ఉదాహరణగా తీసుకొందాం. కిలో కందిపప్పు పొట్లం కట్టడం మనకు ఒక్క పని. విడదీసి చూస్తే ఎన్నో. సంచి విప్పాలి. త్రాసుమీద పెట్టాలి. చేటతో పప్పు పోయాలి. అంకె చూడాలి. ఎక్కువైతే తీయాలి, తక్కువైతే వేయాలి. సంచి మూతి మడవాలి. అతికించాలి. పేరు చీటీ అంటించాలి. బుట్టలో పెట్టాలి. కుర్రవాడు పొట్లం కట్టలేకపోతున్నాడంటే, బహుశా ఈ తొమ్మిదింటిలో ఎనిమిది చేస్తూనే ఉండి ఉంటాడు. అంకె చూసి ఎక్కువతక్కువలు తేల్చుకొనే దగ్గర చిక్కుకొని ఉంటాడు. సరిగ్గా కిలో పట్టే డబ్బా ఒకటి చేతికిస్తే ఆ చిక్కు విడిపోతుంది. "వీడికి రాదు" అనడానికీ, "వీడికి ఒక్క మెట్టు దగ్గర సాయం కావాలి" అనడానికీ మధ్య ఒక జీవితమంత దూరం ఉన్నది.

మాటల పరీక్ష, పని పరీక్ష

చదువులో ముందున్న పిల్లలకు వేరే అడ్డంకి ఉన్నది. దాని పేరు ఇంటర్వ్యూ. ఆటిజం ఉన్న పట్టభద్రుడు కంప్యూటరు ముందు కూర్చుంటే తప్పులు ఏరి పారేస్తాడు. కాని నలుగురు పెద్దమనుష్యుల ముందు కూర్చోబెట్టి, "మీ గురించి చెప్పండి" అంటే నోరు పెగలదు. కళ్ళలోకి చూడడు. "మీ లోపం ఏమిటి?" అని అడిగితే ఉన్న లోపమంతా ఉన్నట్టు చెప్పేస్తాడు! ఉద్యోగం మాటకారికి పోతుంది.

డెన్మార్క్‌లో థోర్కిల్ సోనె అనే ఆయన టెలిఫోను కంపెనీలో ఉద్యోగి. మూడేళ్ళ కొడుక్కి ఆటిజం ఉన్నదని వైద్యులు చెప్పారు. ఆ పిల్లవాడు కొంత పెరిగాక ఒకనాడు కాగితంమీద ఏవో గళ్ళు, అంకెలు గీశాడు. తండ్రి వెదకి వెదకి చూస్తే అది ఇంట్లో ఉన్న ఐరోపా రోడ్ల పటాల పుస్తకంలోని సూచిక పుట. ఒక్క అంకె కూడా తప్పుపోకుండా జ్ఞాపకంతో దించినది. ఆ తండ్రి 2004లో 'స్పెషలిస్టెర్నె' అనే సంస్థ పెట్టాడు. 'నిపుణులు' అని ఆ మాటకు అర్థం. అందులో ఇంటర్వ్యూకు బదులు లెగో ముక్కలతో మరబొమ్మలు కట్టించి, వాటిని నడిపించమని, చేసే తీరు చూసేవారు. మాట ఎలా ఉన్నా చేత ఎలా ఉన్నదన్నదే ముఖ్యం.

ఈ కథలో మన దక్షిణాదికి కూడా భాగం ఉన్నది. ఎస్.ఎ.పి. అనే జర్మన్ సాఫ్ట్‌వేర్ కంపెనీ 2011లో బెంగుళూరు కార్యాలయంలో ఆటిజం ఉన్న ఆరుగురిని సాఫ్ట్‌వేర్ పరీక్షించే పనిలో చేర్చుకొన్నది. ఆ అనుభవం బాగుండటంతో 2013లో సోనె సంస్థతో చేతులు కలిపి, 2020 నాటికి తమ సిబ్బందిలో నూటికి ఒకరు ఇటువంటివారు ఉండాలని ప్రకటించింది. ఆ లెక్క పూర్తిగా నెరవేరలేదు. చేరినవారు వందల్లోనే ఉండిపోయారు. ప్రకటన సులభం, వంతెన కట్టడం కష్టం అని దీనివల్ల తెలుస్తున్నది. అయినా ఆ వందలమంది తల్లులకు అది చిన్న సంగతి కాదు గదా!

మన ఇంటి సంగతి

మన దగ్గర ఏమీ లేదనుకోవడం పొరపాటు. మేధో వైకల్యం గలవారి కోసం నెలకొల్పిన జాతీయ సంస్థ 1984 నుంచీ మన సికింద్రాబాదులోనే, మనోవికాస్ నగర్‌లో ఉన్నది. ప్రత్యేక ఉపాధ్యాయులను తయారు చేయడం, పెద్దవారైన పిల్లలకు వృత్తి శిక్షణ ఇవ్వడం అక్కడ జరుగుతున్నాయి. సికింద్రాబాదులోనే 1977లో స్వీకార్ సంస్థను స్థాపించిన డాక్టర్ పి. హనుమంతరావు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు.

చట్టాలూ మెరుగుపడ్డాయి. 1995 నాటి చట్టం ప్రభుత్వోద్యోగాల్లో నూటికి మూడు కేటాయించింది గాని, అవి చూపు, వినికిడి, కాళ్ళు చేతుల లోపాలున్నవారికే. ఆటిజం మాట అందులో లేనే లేదు. 2016 చట్టం ఆ మూడును నాలుగు చేసి, అందులో ఒక భాగంలో ఆటిజం, మేధో వైకల్యం, డిస్లెక్సియా వంటి అభ్యసన లోపాలు, మానసిక వ్యాధులు ఉన్నవారికి చోటు కల్పించింది. ప్రభుత్వ కళాశాలల్లో నూటికి ఐదు సీట్లు దివ్యాంగులకు కేటాయించాలన్నది. ప్రైవేటు యజమానులు తమ సిబ్బందిలో నూటికి కనీసం ఐదుగురు దివ్యాంగులు ఉండేటట్టు చూసుకొంటే వారికి ప్రోత్సాహకాలు ఇవ్వాలని కూడా చెప్పింది.

మన పొరుగున కర్ణాటకలో, హుబ్బళ్ళిలో, అలీనా ఆలం అనే యువతి 2017లో 'మిట్టి కేఫ్' అనే చిన్న ఫలహారశాల తెరిచింది. అందులో వండేవారు, వడ్డించేవారు, డబ్బు తీసుకొనేవారు అందరూ ఏదో ఒక వైకల్యం గలవారే. మేధో వైకల్యం ఉన్నవారు కూడా అందులో ఉన్నారు. 2023లో సాక్షాత్తు సుప్రీంకోర్టు ఆవరణలోనే దాని శాఖ ఒకటి వెలిసింది.

చట్టం ఉన్నది, సంస్థ ఉన్నది, ఉదాహరణా ఉన్నది. లేనిదల్లా మన ఊరి బడికీ, మన ఊరి యజమానికీ మధ్య పరిచయం. 2011 జనాభా లెక్కల్లో మేధో వైకల్యం గలవారే దేశంలో 15 లక్షలకు పైగా తేలారు. ఆటిజానికి ఆ లెక్కల్లో ప్రత్యేకమైన గడి కూడా లేదు. ఇంతమందికి దారి చూపడం ఢిల్లీలోని ఏ ఒక్క కచేరీ వల్లా అయ్యే పని కాదు.

యజమాని భయాలు

"పాపం, సాయం చేయాలనే ఉంటుందండీ. కాని వ్యాపారం గదా!" అంటాడు యజమాని. అతడి భయాలను కొట్టిపారేయరాదు. పని చెడగొడతాడేమో, కొనవచ్చినవారితో పెడసరంగా మాట్లాడతాడేమో, ఏదైనా దెబ్బ తగిలితే మాటెవరికి వస్తుందో అని అతడి బెంగ. అందుకే సిన్సినాటి పద్ధతిలో యజమాని మొదటి రోజే ఉద్యోగం ఇవ్వనక్కరలేదు. కొన్ని వారాలపాటు పక్కన గురువును పెట్టుకొని పనిచేస్తున్న పిల్లవాణ్ణి కళ్ళారా చూస్తాడు. భయం మాటలతో పోదు, చూస్తే పోతుంది.

కావలసిన మార్పులు కూడా లక్షలు ఖర్చయ్యేవి కావు. నోటితో పది పనులు ఒకేసారి పురమాయించకుండా కాగితంమీద వరుసగా రాసి ఇవ్వడం. చప్పుడు తక్కువగా ఉండే మూల ఒకటి చూపించడం. రేపు వేళ మారుతుందంటే ఇవాళే చెప్పడం. "కాస్త చూసి చెయ్యి" అనకుండా, "నాలుగు గంటల లోపల ఇరవై కట్టలు" అని లెక్కగా చెప్పడం. చిత్రమేమిటంటే, ఈ పద్ధతులు వచ్చిన చోట తక్కిన ఉద్యోగులకు కూడా పని సుఖంగానే ఉంటుంది. స్పష్టంగా చెప్పే యజమాని ఎవరికి చేదు?

అయితే ఒక విషయంలో ఖచ్చితంగా ఉండాలి. శిక్షణ పేరు చెప్పి ఏళ్ళ తరబడి ఊరికే పని చేయించుకోవడం సాయం అనిపించుకోదు. శిక్షణకు ఒక గడువుండాలి. గడువు తీరాక, చేసిన పనికి పక్కవాడికి ఇచ్చే కూలి వీడికీ ఇవ్వాలి. రోజంతా చేయలేనివాడు రోజుకు నాలుగు గంటలే చేయవచ్చు. ఆ నాలుగు గంటలకూ ధర తగ్గించరాదు. దయతో ఇచ్చే ఉద్యోగం దయ ఉన్నన్నాళ్ళే ఉంటుంది. పనికి ఇచ్చే జీతం పని ఉన్నన్నాళ్ళూ ఉంటుంది.

ఇంటి దగ్గర మొదలు

ఇక అమ్మలకూ నాన్నలకూ ఒక మాట. పద్ధెనిమిదో ఏట ఆలోచించడం మొదలుపెడితే ఆలస్యమైపోయినట్టే. పధ్నాలుగో ఏటనే ఆరంభించండి. మన ప్రేమలో ఒక దోషం ఉన్నది. పిల్లవాడికి చేతకాదేమోనని అన్నీ మనమే చేసిపెడతాం. తన కంచం తాను కడగడం, తన బట్టలు తాను మడవడం, పక్క దుకాణానికి వెళ్ళి పాలపొట్లం తెచ్చి చిల్లర లెక్క చెప్పడం, ఒకే బస్సులో ఒకే చోటికి మొదట తోడుతో, తరువాత ఒంటరిగా వెళ్ళి రావడం, ఇవన్నీ ఉద్యోగానికి తొలి పాఠాలే. పని వచ్చి కూడా, పనిచోటికి ఒంటరిగా పోలేక ఇంట్లో ఉండిపోయేవారున్నారు.

ఆడపిల్లల సంగతి మరీ ముఖ్యం. "దానికి ఉద్యోగమెందుకు, ఇంట్లో ఉంటే క్షేమం" అని మగపిల్లవాడికి ఇచ్చే అవకాశం కూడా ఆమెకు ఇవ్వం. అమ్మ పోయాక ఆ క్షేమం ఎవరిస్తారు? ఏది మంచి స్పర్శ, ఏది చెడ్డది, ఎవరితో చెప్పాలి అన్నది నేర్పి పంపడమే క్షేమం.

ధ్రువపత్రం, గుర్తింపు కార్డు చిన్నతనంలోనే తీసుకొని ఉంచండి. పబ్లిక్ పరీక్షలో అదనపు సమయం అడగడానికి సిగ్గుపడకండి. 2018 నాటి కేంద్రప్రభుత్వ నిబంధనల్లోనే అర్హులైనవారికి గంటకు 20 నిమిషాలకు తక్కువ కాకుండా ఎక్కువ సమయం ఇవ్వాలని ఉన్నది. అది భిక్ష కాదు, హక్కు.

మరొక చిన్న పని. ఈ నెలలోనే ఒకరోజు మీ పిల్లవాడి ఉపాధ్యాయురాలినీ, మీకు తెలిసిన ఒక యజమానినీ ఒకచోట కూర్చోబెట్టండి. ఆయన బేకరీ నడిపేవారు కావచ్చు, మందులదుకాణం, నర్సింగ్ హోమ్, అచ్చాఫీసు, ఏదైనా కావచ్చు. "మా వాడికి ఉద్యోగమివ్వండి" అని అడగవద్దు. "వారానికి రెండు రోజులు, రెండేసి గంటలు, టీచరుగారు పక్కన ఉండగా మీ దగ్గర పని నేర్చుకోనివ్వండి" అని అడగండి. మొదటి ప్రశ్నకు కాదనేవారే ఎక్కువ. రెండో ప్రశ్నకు కాదనడానికి ఎవరికైనా మనసు గట్టిచేసుకోవలసి వస్తుంది.

ఉద్యోగాలిచ్చే పాఠకులూ ఈ పుట చదువుతూ ఉండవచ్చు. వారికొక మనవి. మీ దగ్గర మనుష్యులు నిలవని పని ఏదో ఒకటి ఉండే ఉంటుంది. ఆ పని ఏమిటో ఒక కాగితం మీద రాసుకొని, మీ ఊరి ప్రత్యేక పాఠశాలకు ఒకసారి వెళ్ళి రండి. సిన్సినాటిలో ఆ నర్సు చేసినది ఇంతే.

మళ్ళీ మన రైళ్ళ కుర్రవాడి దగ్గరికి వద్దాం. వాడికి రైల్వేలో ఉద్యోగం వస్తుందని నేను చెప్పలేను. ఏ పార్సెలు ఆఫీసులోనో, ఏ గోడౌనులోనో పెట్టెలమీద ఊరిపేర్లు చూసి వరుసగా సర్దే పని వాడికి సరిపోవచ్చు. పొద్దున్నే ఒకే బస్సు ఎక్కుతాడు. తన కంచం లాగే తన మూల తనకు ఉంటుంది. నెలాఖరున జీతం తెచ్చి అమ్మ చేతిలో పెడతాడు. ఎవరి ముఖమూ చూడకుండానే పెడతాడు, ఫరవాలేదు.

అప్పుడు కూడా ఆ తల్లికి బెంగ పూర్తిగా పోదు. ఏ తల్లికి పోయింది గనుక! కాని చుట్టాలు వచ్చి, "అబ్బాయి ఏం చేస్తున్నాడు?" అని అడిగితే, కాఫీ గ్లాసులు సర్దుకొంటూ తల వంచుకోనక్కరలేదు. "పనికి వెళ్ళాడండీ, ఆరింటికి వస్తాడు" అని చెబుతుంది. ఆరింటికి, నిమిషం అటూ ఇటూ కాకుండా, వాడు వస్తాడు.